హిల్యా మూగనోము

కుర్కి రేవు దాటి ఉత్తరానికి వెళ్తే ఇక ఊళ్ళు లేవు. ఒక సరస్సు, దాని చివర మోతదారి, ఆ దారి దిగితే ఇంకో సరస్సు. నీళ్ళున్నచోట దోనె మనల్ని మోస్తుంది, నీళ్ళు లేనిచోట దోనెను మనం మోస్తాం. పట్నాల నుంచి వచ్చి అడవిలో నాలుగు రోజులు గుడారం వేసుకుందామనే వాళ్ళకు ముందుండి దారి చూపడం, వండి పెట్టడం, చేతులూ కాళ్ళూ సరిగ్గా ఉండగానే మళ్ళీ రేవుకు చేర్చడం మా వాళ్ళు తాతల నాటి నుంచీ చేస్తున్న పని.

ఆ పనిలో హిల్యా రౌతియోను మించిన మనిషి ఈ రేవులో పుట్టలేదు. పదహారేళ్ళ వయసులో తండ్రి దోనెను భుజాలకెత్తుకుని పొడుగు మోతదారి మొత్తం ఎక్కడా దించకుండా నడిచింది. ఆ దారిలో మొగవాళ్ళే రెండుసార్లు దించి ఊపిరి పీల్చుకుంటారు. మధ్యవేసవి పండుగ పందేల్లో ఏళ్ళ తరబడి ఆమె దోనె ముక్కు కంటే ముందు ఇంకో దోనె ముక్కు కనబడలేదు. అప్పుడు గెలిచిన వెండి గిన్నెల్లో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటుంది. సెయింట్ పాల్ నుంచి వచ్చిన లాయరు ఒకాయన కాలు విరగ్గొట్టుకుంటే నుదుటి పట్టీతో వీపుకు కట్టుకుని రేవుకు తెచ్చింది, దారి పొడుగునా ఆయన కేసులు వింటూ. తప్పిపోయిన స్కౌటు పిల్లల్ని వాళ్ళు మాడ్చుకున్న చేప వాసన పట్టుకుని వెతికింది. మూడు రోజులు ఆగకుండా కురిసిన వానలోనూ పొయ్యి ఆరనివ్వలేదు. ఆమె కూర్చున్న దోనె బోల్తా పడలేదు, ఆమె తెడ్డు విరగలేదు, ఆమె చేతిలోంచి ఒక్క చెంచా కూడా నీళ్ళలోకి జారలేదు.

"మా ఆవిడతో వెళ్ళండి, ఏమీ జరగదు" అని ఆమె భర్త ఎయినర్ బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ మాటే చివరికి ఆమె కొంప ముంచింది.

ఎందుకంటే మా నీళ్ళలో చోట్లకు పేర్లు పడే పద్ధతి వేరు. సర్కారు పటంలో ఉండే పేర్లు సర్కారువి. మేం పిలుచుకునే పేర్లు వేరు, అవి ఎవరికైనా ఏదైనా జరిగితేనే పుడతాయి. పాదిరిగారు తుమ్మితే కట్టుడుపళ్ళు ఊడి నీళ్ళలో పడ్డ చోటు పాదిరిగారి పళ్ళు. ఎలుగుబంటికి భయపడి లెంపి అనే ఆవిడ కోడలు చెట్టెక్కి దిగడానికి మొరాయించిన చోటు కోడలి మేడ. మంచి చేసినవాళ్ళకు సమాధిరాయి మీద పేరు, తప్పటడుగు వేసినవాళ్ళకు నీళ్ళ మీద పేరు. ఇది ఎవరూ కూర్చుని రాసిన చట్టం కాదు. కానీ దీన్ని మీరినవాళ్ళు లేరు.

ఇన్ని సరస్సులు, ఇన్ని మోతదారులు ఉండగా హిల్యా పేరున్న చోటు ఒక్కటీ లేదు.

వైనో పెరలా పేరున మాత్రం మూడున్నాయి.

వైనో ఆమె కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. ఇనుపగని మూతపడ్డాక పొట్ట చేతబట్టుకుని రేవుకు వచ్చాడు. దోనెను నెత్తికెత్తడం, తెడ్డును నీళ్ళలో సద్దు లేకుండా ముంచడం, పిండి కలిపి పెనంలోనే రొట్టె కాల్చడం, అన్నీ హిల్యా దగ్గరే నేర్చాడు. నేర్చినవాడు నేర్చినట్టు ఊరుకోలేదు. తన మొదటి బృందానికి ఉదయం వండిన ఓట్స్ జావను పొయ్యి మీంచి దించబోయి కుండతో సహా సరస్సులో పారబోశాడు. ఆ మలుపు వైనో జావ అయింది. మరుసటేడు బురదలో దిగబడి ఒక కాలి బూటుతోనే బయటికొచ్చాడు, అది వైనో బూటు. ఆ పైన నెత్తిన దోనెతోనే బండ మీద బోర్లా పడ్డాడు, అది వైనో సాష్టాంగం. సరస్సులకు సెలవలకు వచ్చే పిల్లలు కూడా, "ఇవాళ సాష్టాంగం దగ్గర ఈదాం" అంటారు. రాత్రి మంటల దగ్గర, శనివారం ఆవిరిగదుల్లో, యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుని తినే ప్రతి బల్ల దగ్గరా వైనో కథలే. వాడికి నోట్లో నువ్వుగింజ నానదు. తన మీద తనే కథలు చెప్పి, తనే ముందు నవ్వేవాడు.

ఆ నవ్వు వినబడినప్పుడల్లా హిల్యా కాఫీ కప్పును బల్ల మీద కాస్త గట్టిగా పెట్టేది.

ఇన్నేళ్ళుగా కడుపులో పెట్టుకున్న ఆ మంట ఈ ఏడు వేసవిలో భగ్గుమంది. రేవు దగ్గర నిలబెట్టిన చెక్కపటం ఎండకు, మంచుకు వెలిసిపోయింది. దోనెలు అద్దెకిచ్చే ఆర్వో భార్య ఎల్మా దాన్ని మళ్ళీ రాయడానికి రంగులు తెప్పించింది. ఈసారి సర్కారు పేర్లతో పాటు మన పేర్లు కూడా రాస్తానంది. ఎల్మా, హిల్యా ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

హిల్యా ఓ పొద్దున కుంచెలు తుడుస్తున్నట్టు నటిస్తూ ఎల్మా పక్కన చేరింది.

"పటంలో చోటు చాలా మిగిలిపోతోందే" అంది.

"అడవి పెద్దది, పేర్లు తక్కువ. ఏం చెయ్యను."

"వెతికితే దొరుకుతాయి. లాయర్ని మోసుకొచ్చిన దారికి ఏ పేరూ లేదు."

ఎల్మా కుంచె ఆపి ఆమె మొహంలోకి చూసింది. "ఒసే హిల్యా, కాలు విరిగింది లాయరుది. పేరు పెడితే లాయరు కాలు అని పెట్టాలి. నీకెప్పుడేం జరిగింది గనక?"

"ఏమీ జరగనివ్వకపోవడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు? దాని మీద కథ లేదంటున్నా, అంతే. ఈ వేసవి పోయేలోగా రాసేస్తాను. ఈసారి రాస్తే మళ్ళీ కుంచె పట్టను, నా మోకాళ్ళు ఒప్పుకోవు. నువ్వు ఎక్కడైనా పడదలుచుకుంటే త్వరగా పడు."

ఎల్మా నవ్వింది. హిల్యా నవ్వలేదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. పటం ఆరేలోగా తన పేరు పడాలి, లేకపోతే ఇక తన జీవితకాలంలో పడదు. వైనో జావ మాత్రం తెల్లటి అక్షరాల్లో నిగనిగలాడుతూ ఉంటుంది, తను పోయాక కూడా.

ఆగస్టులో అయోవా నుంచి ఒక బృందం వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసే లీలండ్, అతని భార్య డొరీన్, మరీ అనే ఆమె అన్న. రెండు దోనెలు. హిల్యా వెనక కూర్చున్న దోనెలో ముందు డొరీన్, రెండో దోనెలో మగవాళ్ళిద్దరూ. లీలండ్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. తెడ్డు కుడివైపు వెయ్యమంటే, ఎడమకు మార్చమని చెప్పేదాకా కుడివైపే వేసేవాడు.

మొదటి మోతదారిలో హిల్యా ఒక పని చేసింది. ఈ సంగతి ఆమె చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. దారి మధ్యలో ఒక మడుగు ఉంది, నల్లగా, నున్నగా, ఇంతవరకూ ఎవరూ పడనిది. దాని మీద నాచు పట్టిన దుంగ. వెనక డొరీన్ వస్తోంది, అంటే సాక్షి ఉంది. వీపున కుండల మూట ఉంది. పడితే చప్పుడు కూడా వినబడుతుంది. హిల్యా దారి వదిలి దుంగ మీద కాలు పెట్టింది, కళ్ళు మూసుకుంది.

కాలు దానంతటదే దుంగలో గట్టిగా ఉన్న ముడి వెతుక్కుంది. రెండో కాలు ఇంకో ముడి వెతుక్కుంది. కళ్ళు తెరిచేసరికి అవతలి ఒడ్డున ఉంది. గిన్నె గిన్నెకు తగిలిన చప్పుడు కూడా రాలేదు.

"అబ్బ, ఎంత తేలిగ్గా నడుస్తారండీ, నాట్యం చేసినట్టుంది" అంది డొరీన్ వెనకనుంచి.

"నడవక చస్తానా" అంది హిల్యా.

మర్నాడు పొడుగు సరస్సు దాటాలి. దాని అవతలి కొసన ఎడమవైపు మలుపులోంచి మోతదారి మొదలవుతుంది. అది దాటితే అద్దం సరస్సు, దాని ఒడ్డున చప్పటి బండ మీద అడవి మొత్తానికీ మేలైన మకాం. బండ మీద గుడారం వేస్తే దోమలు రావు, గాలి తగులుతుంది, తెల్లవారగానే ఎండ పడుతుంది. ఒక్క బృందానికే చోటు. ఆ పొద్దున పొయ్యి ఆర్పుతూ హిల్యా తలెత్తి చూస్తే, సరస్సు దక్షిణ కొసన రెండు దోనెలు కనబడ్డాయి. ముందు దోనె కాస్త అడ్డంగా నడుస్తోంది. అలా నడిపేవాడు ఈ ప్రాంతంలో ఒక్కడే. విస్కాన్సిన్ వాళ్ళ నలుగుర్ని వెంటేసుకుని వైనో కూడా చప్పటి బండకే వెళ్తున్నాడు.

పేర్లు మూడూ వాడికే, బండ కూడా వాడికేనా?

హిల్యా తన దోనెలోంచి తిండి మూట తీసి మగవాళ్ళ దోనెలో పడేసింది, బరువు తగ్గడానికి. తిండి మూటా, తినే నోరూ ఒకే దోనెలో ఉండాలని నలభై ఏళ్ళుగా అందరికీ నూరిపోసిన మనిషి. వైనోకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే.

"మేం ముందు వెళ్ళి చోటు పట్టుకుంటాం. మీరు నిదానంగా రండి" అంది లీలండ్‌తో. "ద్వీపం దాటాక ఎడమ ఒడ్డు పట్టుకోండి. నీళ్ళ మీదకి ఒరిగిన పైన్ చెట్టు కనబడితే లోపలికి తిప్పండి. అక్కడ దిగి, నేను వచ్చేదాకా కదలొద్దు. మీ సామాను మొయ్యడానికి, రెండో మోతకు నేనే తిరిగి వస్తాను."

లీలండ్ తలూపాడు. "ఆర్వో గారు చెప్పారు, మోతదారి వైనో జావ దగ్గర మొదలవుతుందని. అదేనా అండీ?"

హిల్యా నోరు ఒకసారి తెరుచుకుంది. అవును అనడానికి మూడే అక్షరాలు. అవి నాలుక దాకా వచ్చాయి. వెనక నీళ్ళ మీద వైనో పాట వినబడుతోంది.

"వైనో జావ అని ఈ నీళ్ళలో చోటే లేదు" అంది. "ఎవరైనా అలా చెప్తే వినకండి. ఒరిగిన పైన్ చెట్టు, అంతే."

"సరేనండి" అన్నాడు లీలండ్.

హిల్యా తెడ్డు వేసిన తీరు ఆ రోజు చూడాల్సింది. అరవై ఏడేళ్ళ మనిషి వెనక కూర్చుని వేస్తుంటే దోనె ముక్కు దగ్గర నీళ్ళు తెల్లగా లేచాయి. డొరీన్ రెండుసార్లు తెడ్డు ఆపి ఊరికే కూర్చుంది, తన అవసరం లేదని అర్థమై. మలుపు తిరిగి, దిగి, దోనెను నెత్తికెత్తుకుని, మోతదారి దాటి, చప్పటి బండ మీద మూట దించేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. బండ ఖాళీగా ఉంది. హిల్యా తన టోపీ తీసి బండ మధ్యలో పెట్టింది, జెండా పాతినట్టు.

కాసేపటికి రెండో మోతకు తిరిగి దారి పట్టి మలుపు దగ్గరికి వచ్చింది. మగవాళ్ళు లేరు. ఇంకా దాటుతున్నారేమో అనుకుని కూర్చుంది. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే నీళ్ళు. చివరికి లేచి, వస్తే వాళ్ళే వస్తారని సర్ది చెప్పుకుని, బండ దగ్గరికి తిరిగి నడిచింది. వైనో వస్తే తనకంటే ముందు దారి దాటి టోపీ పక్కకు తీసేస్తాడేమోనన్న భయం ఒకటి.

"మా వాళ్ళేరండీ?" అంది డొరీన్.

"చేపలు పడుతుంటారు. మగవాళ్ళు కదా."

పొద్దు వాలింది. తిండి మూట మగవాళ్ళ దగ్గర ఉంది. ఇద్దరాడవాళ్ళూ బండ వెనక పొదల్లో నీలిపండ్లు ఏరుకుని తిన్నారు. డొరీన్ మొదట్లో నవ్వుతూ తింది, తర్వాత ఊరికే తింది.

"మీకు ఇలాంటివి ఎప్పుడూ జరగవని ఆర్వో గారు చెప్పారే" అంది చివరికి.

"ఇప్పుడు మాత్రం ఏం జరిగింది?" అంది హిల్యా.

అప్పుడే మోతదారిలోంచి పాట, ఆ వెనక దోనె కింద రెండు కాళ్ళు వచ్చాయి. వైనో దోనె దించి, బండ మీది టోపీని చూసి, తన టోపీ తీసి వంగి దండం పెట్టాడు.

"నువ్వే గెలిచావు, హిల్యక్కా. మేం అవతలి గుంటలో వేసుకుంటాంలే. దోమలు నన్నేం కొత్తగా కుడతాయా." తర్వాత ఆమె పెదవుల కేసి చూశాడు. "నీలిపండ్లు తిన్నావా? రాత్రికి అదేనా వంట?"

"నీకెందుకు?"

వైనో వెనక్కి తిరిగి తన కుండ కిందపెట్టాడు. "పొద్దుటి జావ మిగిలింది. వేడి చేస్తాను. ఈసారి పారబోయనులే."

డొరీన్ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. హిల్యా మొహం తిప్పుకుంది. వాడి జావ తాగడం కంటే బండ నాకడం మేలు.

"మీ మిగతా ఇద్దరేరి?" అన్నాడు వైనో, గరిటె తిప్పుతూ.

హిల్యా బండ మీది టోపీ తీసి దులిపింది.

"ఒకడు పొడుగ్గా, కళ్ళజోడు, కుడివైపే తెడ్డు వేసేవాడు. ఇంకొకడు లావుగా, ఎర్రటోపీ. వాళ్ళేనా?"

"వాళ్ళే" అంది డొరీన్. "చూశారా?"

"చూడకేం. మలుపు దగ్గర తచ్చాడుతుంటే నేనే కేకేశాను, ఇదేనయ్యా వైనో జావ, మోతదారి ఇక్కడే, ఆ వైనోను నేనే అని. ఆ కళ్ళజోడాయన చెయ్యెత్తి థాంక్స్ చెప్పి, అయితే ఇది కాదు అని పక్కవాడితో అని, దోనె తిప్పుకుని ముందుకెళ్ళిపోయాడు. ఏం మనుషులో అనుకున్నాను."

డొరీన్ గిన్నె దించింది. "వైనో జావ అనే చోటే లేదని ఈవిడ చెప్పారు. ఎవరైనా చెప్తే వినొద్దన్నారు."

గరిటె ఆగింది. విస్కాన్సిన్ వాళ్ళు నలుగురూ గుడారం మేకులు కొట్టడం ఆపారు. అద్దం సరస్సు మీద లూన్ పక్షి ఒకటి పొడుగ్గా అరిచి ఊరుకుంది. హిల్యా తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చుంది. నలభై ఏళ్ళ పనిలో ఆమె ఒక మనిషిని పోగొట్టుకోలేదు. ఇప్పుడు ఇద్దర్ని ఒకేసారి పోగొట్టింది, అదీ తుఫానుకు కాదు, ఎలుగుబంటికి కాదు. ఒక పేరు నోటితో అనలేక.

వైనో నవ్వుతాడనుకుంది. ఎదురుచూసింది కూడా, తిట్టడానికి వీలుగా. వాడు నవ్వలేదు. కుండ మూత పెట్టి, గరిటె విస్కాన్సిన్ వాళ్ళ చేతికిచ్చి లేచాడు.

"పద, పొద్దుండగానే తెద్దాం. నీ దోనె తేలిక. నేను ముందు కూర్చుంటాను."

ఆ మాటకు అర్థం రేవులో అందరికీ తెలుసు. మా నీళ్ళలో వెనక కూర్చున్నవాళ్ళదే దోనె. ముందు కూర్చునేవాడు కూలీ. వైనో అడక్కుండానే ముందు పీట తీసుకున్నాడు. అది కూడా హిల్యాకు కంటగింపుగానే ఉంది. మంచితనం కూడా వీడికే దొరికిందా అనుకుంది.

మోతదారి వెనక్కి దాటి, దోనె నీళ్ళలో దించి, మలుపులోంచి బయటికి వచ్చారు.

"జావ పారబోసిన రోజు" అంది హిల్యా చివరికి, వాడి వీపుతో, "నీ వాళ్ళందరికీ రొట్టెలు కాల్చి పెట్టింది ఎవరు?"

"నువ్వే. పక్క మకాం నుంచి పిండి మోసుకొచ్చావు."

"అది నీ కథలో ఎక్కడా రాదేం?"

వైనో రెండు తెడ్లు వేశాడు. "రొట్టెలు బాగున్నాయి హిల్యక్కా. బాగున్నదాని మీద కథేం చెప్తారు?"

"అందుకని నువ్వు పడుతూ లేస్తూ పేరు తెచ్చుకున్నావు. నేను ఒక్కసారీ పడకుండా ఈ ముసలితనంలో..." అని ఆపేసింది.

"కోపమా?"

"కోపమైతే ఎప్పుడో తీరేది. కుళ్ళు." అన్నాక హిల్యాకే ఆశ్చర్యం వేసింది, ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. "మూడు చోట్లురా నీకు. మూడు. ఆ సాష్టాంగం బండ మీద నీకంటే ముందు నేను వెయ్యిసార్లు నడిచాను. ఒక్కసారి జారినా అది నాదయ్యేది."

"నువ్వు జారవు."

"జారను" అంది హిల్యా. అంతకంటే పెద్ద దుఃఖం లేనట్టు అంది.

వైనో భుజాలు కొంచెం కదిలాయి. అది నవ్వో, తెడ్డు వేయడమో వెనకనుంచి తెలియలేదు.

వైనో జావ తర్వాత ఇంకో మలుపుంది. అది దీనికి రెండింతల వెడల్పు. ఎటు చూసినా గోడలా అడవి, మోతదారి లేదు, ఎక్కడికీ పోదు. అందుకే ఎవరూ అటు తిరగరు, అందుకే దానికి పేరూ లేదు. దాని నోటి దగ్గర కూడా ఒక పైన్ చెట్టు నీళ్ళ మీదికి ఒరిగి ఉంది. మా సరస్సుల్లో ఒరగని పైన్ చెట్టు ఏది?

లోపలికి తిప్పగానే పొగ కనబడింది. మగవాళ్ళిద్దరూ ఒడ్డున దుంగ మీద కూర్చుని ఉన్నారు. దోనె శుభ్రంగా బోర్లించి ఉంది. తిండి మూట విప్పి ఉంది. పెనంలో వేట మాంసం వేగుతోంది. హిల్యా నాలుగో రోజుకని దాచిన మాంసం అది.

"వచ్చేశారా" అన్నాడు లీలండ్ లేచి నిలబడి. "మీరు చెప్పినట్టే కదల్లేదండి. దారిలో ఒకాయన తప్పుదారి పట్టించబోయాడు, వైనో జావ అదేనని. నేను వినలేదు." అప్పుడు దోనె ముందు పీట మీదున్న మనిషిని గుర్తుపట్టాడు. "ఈయనే."

హిల్యాకు మాట రావాలి. వాళ్ళను వెనక్కి తీసుకెళ్ళాలి, ఎక్కడికో చెప్పాలి. గొంతు సవరించుకుంది. నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుంది. చుట్టూ ఉన్న అడవి గోడ దాన్ని పట్టి మళ్ళీ మన మొహానే కొడుతుంది.

"తప్పు నాది" అంది. "చోటుంది. మీరు దాటొచ్చిందే. వైనో జావ."

జావ... జావ... అంది అడవి మూడువైపుల నుంచీ.

"బాగా వినబడింది హిల్యక్కా" అన్నాడు వైనో.

ఆ రాత్రి ఆమె వైనో కుండలోంచి జావ తాగింది. కాస్త అడుగంటింది. ఆ సంగతి వాడితో చెప్పి, ఎలా అంటకుండా వండాలో కూడా చెప్పింది.

రేవుకు తిరిగొచ్చాక వైనో ఎక్కడా నోరు విప్పలేదు. శనివారం ఆవిరిగదిలో ఎవరో కథ అడిగితే బూటు కథే మళ్ళీ చెప్పాడట. నువ్వుగింజ నానని నోటిలో కొండ నానింది. కథ బయటపెట్టింది లీలండ్. దోనెలు అప్పగిస్తూ, ఆర్వో దుకాణంలో పదిమంది వింటుండగా, తను మాట తప్పకుండా ఎంతసేపు కూర్చున్నదీ గర్వంగా చెప్పుకున్నాడు పాపం. ఎల్మా కౌంటరు వెనకనుంచి మొత్తం విని, అక్కడికక్కడే లేచి కుంచె అందుకుంది. మోకాళ్ళ సంగతి కూడా మర్చిపోయింది.

హిల్యా నాలుగు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఐదో రోజు తెల్లవారుతూనే, రేవులో మనుషులు లేవకముందే, పటం దగ్గరికి వెళ్ళి నిలబడింది. పొడుగు సరస్సు పై కొసన, ఇన్నాళ్ళూ ఖాళీగా నీలంగా ఉన్నచోట తెల్లరంగు ఇంకా మెరుస్తోంది.

హిల్యా మూగనోము.

సముద్రం దాటి ఇక్కడికొచ్చిన మా ముత్తాతల భాషలో హిల్యా అంటే సద్దు లేనిదని అర్థం. ఆమె ఏడుపు వినకముందే పాదిరిగారు ఆ పేరు పెట్టేశారని రేవులో అంటారు. అరవై ఏడేళ్ళూ ఆ పేరుకూ ఆ మనిషికీ పొంతన కుదరలేదు. ఇప్పుడు కుదిరింది.

ఆమె చాలాసేపు చదివింది. తర్వాత జేబులోంచి గుడ్డ తీసి, ఎల్మా రంగు కారిన చోట అంచు తుడిచింది. తర్వాత వేళ్ళు చాపి కొలిచింది. మొదట తన మలుపు, తర్వాత వైనో జావ. ఇంకోసారి కొలిచింది.

"ఏం కొలుస్తున్నావే?" అంది ఎల్మా, కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి.

"నా అక్షరాలు సన్నగా రాశావు."

"పొడుగు పేరు, చోటు చాలదు."

"చాలదా? వాడి జావకు రెండింతలుంది నాది."

వైనో అప్పటికే రేవులో దోనెలు కడుగుతున్నాడు. ఆ మాట విని తెడ్డు భుజాన వేసుకుని వచ్చి పటం ముందు నిలబడ్డాడు, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఒక్క చెంచా పడెయ్యకుండా, బట్ట తడవకుండా, ఊరికే నోరు మూసుకుని కూర్చున్నందుకు ఇంత పెద్దదా?" అన్నాడు. "ఆ జావ ఒలకబోసి నేను చెయ్యి కాల్చుకున్నాను, ఎల్మా వదినా. ఆ బండ మీద పన్ను విరిగింది నాది. ఇదేం న్యాయం?"

గొంతులో నవ్వుంది. కానీ నవ్వు కింద ఇంకోటి కూడా ఉంది. అదేమిటో హిల్యాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళు దాన్ని కడుపులో పెంచిన మనిషికి ఇంకొకరి కడుపులో అది కదిలితే తెలియదా? ఆమెకు ఒళ్ళంతా హాయిగా చల్లబడింది, ఎండాకాలం సరస్సులో మునిగి లేచినట్టు.

"మూడున్నాయి కదరా నీకు" అంది.

"చిన్నవి."

"అవును" అంది హిల్యా. "చిన్నవే."

ఆ మధ్యాహ్నం కొత్త బృందం ఒకటి వచ్చింది. మధ్యవయసు అక్కచెల్లెళ్ళు ముగ్గురు, మొదటిసారి అడవికి. హిల్యా వాళ్ళను పటం ముందు నిలబెట్టి దారి చెప్పింది. పాదిరిగారి పళ్ళు దాటాలి, కోడలి మేడ కింద మధ్యాహ్నం ఆగాలి, పొడుగు సరస్సు చివర వైనో జావ దగ్గర దిగాలి. ఆ పేరు స్పష్టంగా, రెండుసార్లు చెప్పింది. ముగ్గురిలో పెద్దావిడ తెల్లగా మెరుస్తున్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"మరి ఇదేమిటండీ? ఇక్కడికి వెళ్ళమా?"

"దారిలో లేదు" అంది హిల్యా. "అయినా తీసుకెళ్తాను."